గడుల్లో పట్టని మాటలు

డెబ్బైల చివర్లో నేను నర్సీపట్నంలో సంఘం ఆసుపత్రిలో రోగులకు చీటీలు రాసిచ్చే కిటికీ దగ్గర కూర్చునేదాన్ని. ఎప్పుడో మిషనువాళ్ళు కట్టి, వెళ్ళిపోతూ మా చర్చి సంఘానికి అప్పగించిన ఆసుపత్రి అది. అసలు పేరు బోర్డు మీద ఉండేది గాని, ఊళ్ళో అందరికీ సంఘం ఆసుపత్రే. రెండు వార్డులు, ఒక ఆపరేషను గది, ఒక పురుడు గది, వెనక ఒక నుయ్యి. డాక్టరు గారు ఒక్కరే. ఆయన కింద ఒక మేట్రన్, ముగ్గురు నర్సులు, ఇద్దరు ఆయాలు. ఆ ఇద్దరు ఆయాల్లో ఒకరు మా అమ్మ.

నాన్న పోయాక అమ్మకు పని ఇచ్చింది ఆ ఆసుపత్రే. తలదాచుకోడానికి కాంపౌండు వెనక రేకుల గది ఇచ్చిందీ అదే. నేను ఇంటర్ పాసైన ఏడు మేట్రన్ గారు డాక్టరు గారితో మాట్లాడి నన్ను చీటీల దగ్గర వేయించారు. ఇదంతా ముందే చెప్పేస్తున్నాను. ఆ తర్వాత నేను చేసిన పనికి చాలామంది అన్నం పెట్టిన చోటుకి ద్రోహం అని పేరు పెట్టారు. ఆ అన్నం సంగతి నాకు వాళ్ళకంటే బాగా తెలుసు. తెలిసే చేశాను.

ఒక వేసవిలో డాక్టరు గారు నన్ను గదిలోకి పిలిచి కాగితాల కట్ట ఒకటి చేతిలో పెట్టారు. సైక్లోస్టైలు చేసిన ప్రశ్నలు. మా ఆసుపత్రికి మందులూ పరికరాలూ పంపే సంస్థ ఒకటి మద్రాసులో ఉండేది. వాళ్ళ తరఫున నెలరోజుల్లో ఇద్దరు వస్తారనీ, ఇక్కడ వైద్యం ఎలా జరుగుతోందో, రోగులు తృప్తిగా ఉన్నారో లేదో చూస్తారనీ చెప్పారు.

"ఈలోగా ప్రతి రోగినీ అడిగి ఇవి నింపు. నీ చేతిరాత బాగుంటుంది. మళ్ళీ తిరగరాసే పని లేకుండా నీట్‌గా ఉండాలి" అన్నారు.

డాక్టర్ నీతో ప్రేమగా మాట్లాడారా, నర్సులు పిలిస్తే వచ్చారా, వార్డు శుభ్రంగా ఉందా, భోజనం ఎలా ఉంది, ఇలాంటి ప్రశ్నలు. ఒక్కొక్క దాని ఎదురుగా మూడేసి గడులు: బాగుంది, పరవాలేదు, బాగోలేదు. ఏదో ఒక గడిలో టిక్కు పెట్టాలి.

మొదటి వారమంతా మొదటి గడిలోనే పెట్టాను. ఎవరిని అడిగినా బాగుందన్నారు. అడగకముందే బాగుందన్నవాళ్ళూ ఉన్నారు. నాకు సంతోషంగానే ఉండేది. నేను పుట్టి పెరిగిన చోటు గురించి నలుగురూ మంచి చెబుతుంటే ఎవరికి చేదు?

రెండో వారంలో ఆడవాళ్ళ వార్డు చివరి మంచం దగ్గరికి వెళ్ళాను. కొయ్యూరు అవతల కొండల్లోంచి వచ్చిన పిల్ల. మహా అయితే పంతొమ్మిది ఉంటాయి. పురుడు పోసుకుని మూడు రోజులైంది, పక్కలో ఆడపిల్ల. నేను ఒక్కో ప్రశ్నా చదవడం, ఆమె బాగుందనడం, నేను టిక్కు పెట్టడం. భోజనం ప్రశ్న దగ్గరికి వచ్చేసరికి మంచం కింద పళ్ళెం కనిపించింది. అన్నం పెట్టింది పెట్టినట్టే ఉంది, చీమలు పట్టి.

"భోజనం ఎలా ఉందమ్మా?"

"బాగుంది."

"మరి తినలేదేం?"

ఆమె నా వైపు చూడలేదు. నా భుజం మీంచి వెనక్కి చూసింది. వెనక నర్సు సూది మందు ట్రే పట్టుకుని నిలబడి ఉంది.

"తింటాను" అంది. నేను టిక్కు పెట్టేశాను.

మర్నాడు ఆ మంచం ఖాళీ. ఎవరికీ చెప్పకుండా వెళ్ళిపోయింది. "కొండవాళ్ళు అంతే, కాలు నిలవదు" అని నర్సు దుప్పటి లాగేసింది. ఆ మధ్యాహ్నం అమ్మకు తలనొప్పి మాత్రలు కొందామని బజారుకు వెళ్ళాను. మా దగ్గర అవి అయిపోయాయి. వచ్చేటప్పుడు బస్టాండు మీదుగా వస్తుంటే, టీకొట్టు పక్క నీడలో ఆ పిల్ల కనిపించింది. ఒళ్ళో బిడ్డ, పక్కన వాళ్ళ అత్త. సత్తు గిన్నెలోంచి చోడంబలి, అదే రాగి అంబలి, తాగుతోంది, గబగబా, ఆవురావురుమంటూ.

నన్ను చూడగానే గిన్నె దించేసింది. వెనక్కి పట్టుకుపోడానికి వచ్చాననుకుంది.

"ఏమీ లేదు, తాగు. నేను మందులకి వచ్చాను" అని అక్కడే గట్టు మీద కూర్చున్నాను. కొండల్లోకి వెళ్ళే ఏజెన్సీ బస్సుకి ఇంకా టైముంది. అత్త నన్ను ఎగాదిగా చూసి, ఇంకో గిన్నెలో కాస్త అంబలి పోసి నా ముందు పెట్టింది. తాగాను. పుల్లగా చల్లగా ఉంది.

"ఆస్పత్రిలో అన్నం ఎందుకు తినలేదు?" అని అడిగాను. చేతిలో కాగితం లేదు, పెన్సిలు లేదు.

"బాలింతరాలికి ఆ పప్పు సారు పెడితే ఎలా తింటాది పాప?" అంది అత్త. "మావు అంబలి కాసుకుంటామంటే గేటు కాడ అగ్గి ముట్టించొద్దన్నారు. మూడు రోజులు కడుపు మాడ్సుకున్నాది. పిల్లకి పాలు పడనేదు."

తర్వాత ఆ పిల్ల మొదలుపెట్టింది. మంచం మీద ఒక్కో మాటే మాట్లాడిన మనిషి ఆపకుండా చెప్పుకుపోయింది. నొప్పులొచ్చినప్పుడు అత్తను గది బయటే ఆపేశారట. ఏం చేస్తున్నారో ఎవరూ చెప్పలేదట. భయమేసి ఏడిస్తే నోరు ముయ్యమన్నారట.

"నర్సమ్మ ఏదో పేరు పెట్టి పిలిసేది. నానేటో ఇంకెవుల్నో అనుకున్నాను. పలకనేదని తిట్టినాది. సూత్తే ఆ పేరు నాదేనంట. సీటీ మీద అలా రాసున్నాదంట."

చీటీ రాసింది నేను. కిటికీ దగ్గర జనం తోసుకుంటుంటే కొండవాళ్ళ పేరు సరిగ్గా వినపడేది కాదు. రెండోసారి అడిగే ఓపిక ఉండేది కాదు. వినపడిందానికి దగ్గరగా నాకు తెలిసిన పేరేదో రాసి పడేసేదాన్ని.

అత్త నా మొహం చూస్తోంది. "దీనికి ఏడో నెల్లో కూడా వచ్చినాం. సీకట్నే లేసి నడిసి, బస్సెక్కి వచ్చేసరికి నీ కిటికీ మూసేసున్నాది. రేపు రండన్నావు. ఆ రోజంతా, మర్నాటిదాకా మీ వరండాలో పడున్నాం. కిటికీ కాడున్నది నువ్వే గదా?"

"నేనే" అన్నాను.

ఆ పిల్ల వైపు తిరిగి అడిగాను. "మరి నిన్న అన్నీ బాగున్నాయని ఎందుకు చెప్పావు?"

ఆ పిల్ల తల దించుకుంది. అత్తే జవాబు చెప్పింది. "మంచం మీదున్నప్పుడు బాగుందనక ఇంకేటంటాది? మల్లీ సూది గుచ్చీది ఆలే గదా పాప."

బస్సొచ్చింది. వాళ్ళు ఎక్కి వెళ్ళిపోయారు. నేను ఆసుపత్రికి తిరిగొచ్చి రిజిస్టరు తెరిచి, ఏజెన్సీ ఊళ్ళ పేర్లున్న వరసలన్నీ చూసుకున్నాను. అన్నీ తెలిసిన పేర్లే. పది పదిహేను పేర్లే తిరిగి తిరిగి వస్తున్నాయి. కొన్నిచోట్ల పేరుకు బదులు "కొయ్యూరు ఆడమనిషి" అని ఉంది. నా చక్కటి చేతిరాతతో. నా మీద నాకు అంత అసహ్యం అంతకుముందెప్పుడూ వేయలేదు.

ఆ మర్నాటి నుంచి మధ్యాహ్నం భోజనం వేళ నేను బస్టాండుకు వెళ్ళడం మొదలుపెట్టాను. మా దగ్గర నయమై ఇంటికి పోయేవాళ్ళు, నయం కాకుండానే పోయేవాళ్ళు, అందరూ అక్కడ బస్సు కోసం గంటా రెండు గంటలు కూర్చునేవారు. మా నర్సులెవరూ ఆ చుట్టుపక్కల ఉండేవారు కాదు. ఊరికే పక్కన కూర్చుని ఎలా ఉందని అడిగితే చాలు. వాళ్ళు చెప్పింది ఏ గడిలోనూ పట్టేది కాదు. అందుకని కాగితం వెనక్కి తిప్పి, వాళ్ళన్న మాట అన్నట్టే రాసేదాన్ని. రాసింది వాళ్ళకు చదివి వినిపించేదాన్ని. పేరు కూడా, తప్పుందేమో సరిచేయమని.

అన్నీ తిట్లేం కావు. డాక్టరు గారి చేతికి దండం పెట్టినవాళ్ళున్నారు. అడ్డం తిరిగిన బిడ్డను మేట్రన్ గారు ఎలా బయటికి తీశారో ఒకామె పూసగుచ్చినట్టు చెప్పింది. పాయకరావుపేట వైపు నుంచి వచ్చి వరిబీజం ఆపరేషను చేయించుకున్న ఒక ముసలాయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది.

"డాక్టరు బాబుది మంచి సెయ్యమ్మా. నొప్పి తెల్నేదు. గాని కోసీముందు ఏటి కోత్తన్నాడో ఒక్క ముక్క సెప్పుంటే బాగుండును. కోసింది నా ఒల్లు గదా."

నేను రోజూ బస్టాండుకు ఎందుకు వెళుతున్నానో అమ్మకు తెలిసిపోయింది. ఒకరోజు సాయంత్రం బియ్యం ఏరుతూ అడిగింది.

"ఆ కాయితాల మీద ఏటి రాత్తన్నావు అమ్మీ?"

చెప్పాను. ఆమె చేట పక్కన పెట్టేసింది.

"నీకేటైనా మతి పోయిందేటి? ఆల్లు పొమ్మంటే ఎక్కడికి పోతాం? నాకింకో ఇల్లుందా, నీకింకో తండ్రున్నాడా?"

"వాళ్ళు చెప్పినవి అబద్ధాలా అమ్మా? నువ్వు ఆ గదుల్లోనే తిరుగుతావు. నువ్వు చెప్పు."

అమ్మ మళ్ళీ చేట తీసుకుంది.

మూడో వారంలో మేట్రన్ గారు పిలిచారు. నా బల్ల సొరుగులోంచి కట్ట తీసి ముందు పెట్టుకుని ఉన్నారు. నన్ను నిలబెట్టి, ఒక్కొక్క కాగితం వెనక్కి తిప్పి చదివారు. చాలాసేపు పట్టింది. ఆవిడ పొడుగ్గా, ఎముకల గూడులా ఉండేవారు. చర్చిలో పాట ఎత్తుకుంటే కప్పు లేచేది. ఆసుపత్రిలో మాత్రం గొంతు పెంచగా నేను చూడలేదు. ఆ రోజూ పెంచలేదు.

"బతికించింది కనిపించలేదు, కసిరింది కనిపించిందన్నమాట" అన్నారు.

"బతికించిందీ రాశానండీ. చూడండి, అది కూడా ఉంది."

"చూశాను." కాగితాలు సర్దారు. "పురుడు గదిలో నర్సు కసిరిందని రాశావు. ఆ నర్సు ముందురోజు పొద్దున్న డ్యూటీ ఎక్కింది. దిగలేదు, దింపడానికి నా దగ్గర ఇంకో మనిషి లేదు. వేసవిలో నుయ్యి అడుగంటితే నీళ్ళు మోసేది కూడా ఆ పిల్లలే. నా నర్సులు నిలబడి అన్నం తింటారు. అది ఏ గడిలో రాస్తావు?"

కట్టలోంచి ఖాళీది ఒకటి లాగి, వెనక్కి తిప్పి, ఆవిడ ఎదుటే నిలబడి రాయడం మొదలుపెట్టాను. మేట్రన్ గారు ఎదురుగా ఉన్న కుర్చీ నా వైపు తోశారు. "కూర్చుని రాయి" అన్నారు. ముగ్గురు నర్సుల్నీ ఒక్కొక్కరిగా పిలిచి చెప్పమన్నారు. వాళ్ళలో ఒకమ్మాయి చెబుతూ చెబుతూ ఏడ్చేసింది. అదీ రాశాను. నేను వెళ్ళిపోతున్నప్పుడు మేట్రన్ గారు కాగితాలు నాకే ఇచ్చేశారు. మంచిదనీ అనలేదు, మానెయ్యమనీ అనలేదు.

కట్ట తీసుకెళ్ళి ఇస్తే, డాక్టరు గారు మాత్రం ఒక్క కాగితం తిరగేసేసరికి మిగతావి బల్ల మీద పడేశారు. ఆయన చెడ్డవాడు కాదు. పట్నంలో పెద్ద ప్రాక్టీసు పెట్టుకోగలిగినవాడు, మా ఊళ్ళో పన్నెండేళ్ళుగా ఉండిపోయారు. ఆసుపత్రిని ఆయనే నిలబెట్టారు. అందుకేనేమో, దాని మీద ఎవరేమన్నా తనను అన్నట్టే ఉండేది ఆయనకు.

"నేను నిన్ను టిక్కులు పెట్టమన్నాను. కథలు రాయమనలేదు. ఇది మద్రాసు వాళ్ళ చేతిలో పడితే ఏమవుతుందో తెలుసా? మందులు ఆపేస్తారు. అప్పుడు నీ కొండవాళ్ళే చస్తారు."

ఆ మాటకు నాకు నిజంగానే భయమేసింది.

"కొత్త కాగితాలు తీసుకో. ముందు పక్క గడులు మాత్రం నింపి రేపటికి తెచ్చివ్వు. ఇవి చించెయ్యి."

"చించలేనండీ."

"ఏమన్నావు?"

"వాళ్ళు చెప్పిందే రాసి, వాళ్ళకే చదివి వినిపించానండీ. సరిగ్గా రాశావన్నారు. ఇప్పుడు చించేస్తే వాళ్ళకి నేనేం చెప్పను? గడులు కావాలంటే ఇంకెవరి చేతైనా నింపించుకోండి. నేను నింపను."

ఆయనకు ఎదురు మాట్లాడినవాళ్ళు ఆ గదిలో అంతకుముందు ఎవరైనా ఉన్నారో లేదో నాకు తెలియదు. ఆయనకూ అలవాటు లేనట్టుంది. మొహం పక్కకు తిప్పుకుని అన్నారు. "రేపట్నుంచి నువ్వు గుడ్డల గదిలో కూర్చో. కిటికీ దగ్గర నీ పని అయిపోయింది."

బల్ల మీది కాగితాలు తీసుకుని బయటికొచ్చాను. ఆయన ఆపలేదు. నేను అంత పని చేస్తాననుకోలేదేమో.

గుడ్డల గది వెనక నూతి పక్కన ఉండేది. చిరిగిన దుప్పట్లు కుట్టడం, దిండు గలీబులకు గుండీలు వేయడం, చాకలికి వేసి మళ్ళీ లెక్క చూసుకోవడం. కాగితాల కట్టను గలీబుల దొంతర కింద పెట్టుకున్నాను. చీటీల దగ్గర ఇంకొకరిని వేశారు. గడులు రెండు రోజుల్లో నిండిపోయాయని విన్నాను. ఆదివారం చర్చిలో ఆడవాళ్ళు నా పక్క బెంచీలో కూర్చోవడం మానేశారు. ఒక పెద్దామె ప్రార్థనలో, తినే పళ్ళేన్ని తన్నే పిల్లలకు బుద్ధి ఇమ్మని దేవుణ్ణి అడిగారు. నేను కళ్ళు తెరుచుకునే ఉన్నాను. ఆమె ఆమెన్ అనేదాకా ఆమె వైపే చూశాను.

మద్రాసు నుంచి ఇద్దరు వచ్చారు. ఒక పెద్దాయన, నడివయసు లేడీ డాక్టరు ఒకామె. ఆమె తెలుగు కొంచెం అరవ యాసతో ఉండేది గాని చక్కగా మాట్లాడేది. ఆ రోజు జరిగిందంతా నేను కళ్ళారా చూడలేదు. నేను గుడ్డల గదిలో ఉన్నాను. అమ్మ, మేట్రన్ గారు చెప్పింది కలిపి చెబుతున్నాను.

ఆ డాక్టరమ్మ వార్డుల్లో మంచం మంచానికీ తిరిగింది. అందరూ బాగుందన్నారు. గడులు చూసింది. అన్నీ మొదటి గడిలోనే. వరండాలోకి వచ్చేసరికి అమ్మ బకెట్టుతో నేల తుడుస్తూ ఉంది. డాక్టరు గారు, సంఘం పెద్దలు ఇద్దరు, మేట్రన్ గారు వెనక నిలబడ్డారు. ఆమె ఆగి, అమ్మ పక్కన గొంతుక్కూర్చుని మాట్లాడింది.

"ఎన్నాళ్ళ నుంచి చేస్తున్నారమ్మా ఇక్కడ?"

"ఇరవై యేల్లు దాటిందండీ."

"మీకేదైనా జబ్బు చేస్తే ఈ ఆస్పత్రిలోనే చేరతారా?"

అమ్మ చెయ్యి గుడ్డ మీదే ఆగిపోయిందట. పెద్దల్లో ఒకాయన, "ఎందుకు చేరదండీ, మా ఆసుపత్రి మనిషే" అన్నారట.

"సేరతానండీ" అంది అమ్మ. "ఇంకెక్కడికి ఎల్తాను. గాని నా కూతుర్ని పక్కనుండనిత్తేనే సేరతాను."

"ఎందుకలా?"

"నాను ఆయానవ్వకముందు నా రెండో కానుపు ఇక్కడే అయినాదండీ. మగపిల్లడు. మా అమ్మని లోపలికి రానీనేదు. బిడ్డని ఎత్తుకెల్లినారు, మల్లీ తేనేదు. ఏడండీ అంటే, పడుకోమన్నారు. పోయినాడని మర్నాటిదాకా ఎవులూ సెప్పనేదు. ఆ గది నాను రోజూ కడుగుతానండీ."

అమ్మ గుడ్డ పిండి బకెట్టు అంచు మీద వేసి లేచి నిలబడింది.

"ఇలాటివి రాసినవి నా కూతురి దగ్గిరున్నాయండీ. గుడ్డల గదిలో కూకోబెట్టినారు దాన్ని. పిలిపించండి."

డాక్టరు గారు మేట్రన్ వైపు చూశారట, మీరైనా ఏదో ఒకటి చెప్పండన్నట్టు. ఆవిడ అన్నది ఒకటే: "అవి నేను చదివానండీ. అందులో నా నర్సుల మాట కూడా ఉంది. అదీ చదవండి."

నన్ను పిలిచింది మేట్రన్ గారే. గలీబుల కింద నుంచి కట్ట తీసి తీసుకెళ్ళాను. వరండాలో బెంచీ మీద కూర్చుని ఆ డాక్టరమ్మ చదువుతుంటే మేమంతా నిలబడి ఉన్నాం. ఎండ మెట్ల దాకా వచ్చింది. మధ్యలో తలెత్తి నన్నడిగింది.

"వీళ్ళని ఎక్కడ అడిగావు?"

"బస్టాండులోనండీ. మంచం దిగాక."

ఆమె తల ఊపి, డాక్టరు గారి వైపు తిరిగింది. "చీటీలు ఎన్నింటిదాకా ఇస్తారు?"

"తొమ్మిదిన్నర. మిషన్ రోజుల నుంచీ అదే టైము."

"ఏజెన్సీ బస్సు ఎన్నింటికొస్తుంది?"

ఆయనకు తెలియదు. పన్నెండేళ్ళు మా ఊళ్ళో ఉండి, ఆ బస్సులో వచ్చినవాళ్ళకు కొన్ని వందల ఆపరేషన్లు చేసి, అది ఎప్పుడొస్తుందో ఆయనకు తెలియదు. ఆయన మొహంలో ఆ క్షణం కోపం లేదు. ఏదో తట్టుకుని తూలిన మనిషిలా ఉన్నారు.

"పదింటికండీ" అన్నాను నేను.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చాక అమ్మనడిగాను. "తమ్ముడి సంగతి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడు అడిగినావు?" అంది అమ్మ. "ఊరందర్నీ అడిగినావు."

పొయ్యి ముందు కూర్చుని అప్పుడు చెప్పింది. నాకు రెండేళ్ళప్పుడట. వాడికి జుట్టు ఒత్తుగా ఉందట. ఒక్కసారే చూసిందట. నేను ఏమీ రాసుకోలేదు.

మందులు ఆగలేదు. అంత భయపెట్టినదీ ఆఖరికి జరగలేదు. చీటీల కిటికీ పదకొండు దాకా తెరిచి ఉంచమని ఉత్తర్వు వచ్చింది. మద్రాసు వాళ్ళు ఇంకో నర్సును ఇచ్చారు. ఇద్దరిని అడిగారు మేట్రన్ గారు, ఒకరే వచ్చారు. వెనక నూతి దగ్గర రేకులు వేసి రెండు పొయ్యిలు పెట్టించారు, ఎవరి వంట వాళ్ళు చేసుకోడానికి. కొండవాళ్ళు వస్తే అక్కడ పొద్దున్నే చోడంబలి ఉడికేది. పురుడు గదిలోకి తోడు మనిషిని రానివ్వడానికి మాత్రం డాక్టరు గారు ఒప్పుకోలేదు, క్రిములొస్తాయన్నారు. గుమ్మం దాకా రానిచ్చారు. లోపలికి రానివ్వడానికి ఇంకా ఏళ్ళు పట్టింది. ఈలోగా ఎంతమంది ఆ గోడ వైపు చూస్తూ ఒంటరిగా కన్నారో నేను లెక్క కట్టలేదు. కట్టి ఉండాల్సింది.

డాక్టరు గారు నాతో మాట్లాడటం మానేశారు. ఏదైనా చెప్పాల్సి వస్తే ఇంకొకరితో చెప్పించేవారు. నన్ను గుడ్డల గదిలోంచి తీయమని నేను అడగలేదు, ఆయన తీయలేదు. రెండేళ్ళు దుప్పట్లు కుట్టాను. ఎనభైల మొదట్లో చీటీల అమ్మాయి పెళ్ళయి వెళ్ళిపోతే మేట్రన్ గారు మళ్ళీ నన్ను కిటికీకి రమ్మన్నారు.

"ఒక్కో పేరూ అడిగి, మళ్ళీ చదివి వినిపించి రాస్తానండీ. క్యూ ఆలస్యమవుతుంది. ఆలస్యమైందని నన్నెవరూ అనకూడదు" అన్నాను.

"అంటారు" అన్నారు ఆవిడ. "పడు."

పడ్డాను. క్యూలో వెనకాల ఉన్న మా ఊరి పెద్దమనుషులు విసుక్కునేవారు. ఆ కొండమనిషి పేరు ఎలా ఉంటేనేం, బేగి రాసి పంపించమనేవారు. నేను పెన్ను కింద పెట్టి, మీ పేరు కూడా నాకు తోచినట్టు రాయనా అని అడిగేదాన్ని. ఒకాయన నా మీద సంఘానికి ఫిర్యాదు రాసిచ్చారు. దాని మీద విచారణ కూడా పెట్టారు. వెళ్ళి అదే మాట అక్కడా చెప్పి వచ్చాను.

ఎనభైల మధ్యలో డాక్టరు గారు రిటైరయ్యి కాకినాడ వెళ్ళిపోతుంటే చర్చి హాల్లో వీడ్కోలు సభ పెట్టారు. దండలు, శాలువా, టీ, కారాబూందీ. సిబ్బందిలో ఒక్కొక్కరినీ రెండేసి ముక్కలు మాట్లాడమన్నారు. నా వంతు వచ్చేసరికి ముందు వరసలో పెద్దలు కదిలి కూర్చున్నారు. నేను ఏమీ రాసుకుని వెళ్ళలేదు.

"ఈ డాక్టరు గారు లేకపోతే ఈ హాల్లో కూర్చున్నవాళ్ళలో కొంతమంది ఇవాళ ఉండేవారు కాదు. అది నేను కళ్ళారా చూశాను" అన్నాను. "నిజం రాసినందుకు నన్ను రెండేళ్ళు గుడ్డల గదిలో కూర్చోబెట్టింది కూడా ఈయనే. అది తప్పని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. రెండూ ఈయనకే చెందుతాయి."

డాక్టరు గారు మెళ్ళో దండతో టీ గ్లాసు వైపు చూస్తూ కూర్చున్నారు. తల ఒక్కసారి కిందికీ పైకీ ఊపారు. ఒప్పుకున్నారో, ఇక చాలన్నారో నాకు తెలియలేదు. నేను దిగి వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను. అమ్మ తన కారా పొట్లం నా వైపు జరిపింది.

సభ అయ్యాక మెట్ల దగ్గర ఒక సంఘ పెద్ద నన్ను ఆపారు. "మంచి మాటలు చెప్పుకునే రోజమ్మా ఇది. ఈ రోజు ఆ మాట ఎత్తకుండా ఉండాల్సింది" అన్నారు.

"ఏ రోజు ఎత్తాలో చెప్పండి బాబూ" అన్నాను. "ఆ రోజే వస్తాను."